పెత్తనమా, పెద్దరికమా?

(కొండపల్లిలో జరిగిన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

  

ప్రాంతీయ ఆధిపత్యం గురించి, ఒక ప్రాంతంలో బలమైన రాజ్యం వహించవలసిన నాయకత్వ పాత్ర గురించి మాట్లాడమని నిర్వాహకులు కోరారు. ఇది విశ్వవిద్యాలయ ఆచార్యులు మాట్లాడవలసిన విషయం, సర్కారు కచేరీలో ఫైళ్ల మధ్య ఉద్యోగ జీవితం గడిపిన గుమాస్తాకు ఎందుకని ఎవరైనా అనుకోవచ్చు. నాకు అర్హత ఉన్నా లేకపోయినా మన ఊరికి మాత్రం ఆ అర్హత పుష్కలంగా ఉన్నది. ఆ కొండ మీది కోట 14వ శతాబ్దంలో రెడ్డిరాజుల కాలంలో లేచింది. తరువాత గజపతులు, బహమనీలు, విజయనగర ప్రభువులు, గోల్కొండ కుతుబ్‌షాహీలు, మొగలులు, నిజాములు, చిట్టచివరకు ఈస్టిండియా కంపెనీ వారు దానిని ఏలారు. దక్కనులో ఎప్పుడు ఎవరిది పైచేయి అయితే అప్పుడు వారి జెండా ఆ బురుజు మీద ఎగిరింది. కనుక ఈ విషయంలో మన కొండను ఒక సాక్షిగా నిలబెట్టి విచారించవచ్చునని నా ఉద్దేశం.

మన భాషలో పెత్తనం అనే మాట ఉన్నది, పెద్దరికం అనే మాట కూడా ఉన్నది. రెండూ పెద్దవాడికి సంబంధించినవే. కానీ ఒక ఇంట్లో ఎవరినైనా చూపించి ఆయన పెద్దరికం నిలుపుకున్నాడని అంటే ఒక అర్థం, పెత్తనం చేస్తున్నాడని అంటే మరొక అర్థం. పెద్దరికం ఎదుటివాళ్లు మనసొప్పి ఇచ్చేది. పెత్తనం తనంతట తాను తీసుకునేది. అన్నదమ్ముల పంపకాల్లో పెద్దవాడు వాటాలు వేస్తే చిన్నవాడు ముందుగా కోరుకోవాలన్న పద్ధతిని మన పల్లెల్లో పాటించేవారు. వాటాలు వేసే అధికారం పెద్దవాడిదే. అయినా ఆ పద్ధతి వల్ల ఆయన చేతికి ఒక కట్టడి ఉంటుంది.

రాజనీతిజ్ఞులు వాడే హెజిమొనీ అనే మాటకు గ్రీకులో మొదటి అర్థం నాయకత్వమే. క్రీస్తుపూర్వం 478లో పారశీకుల భయంతో చిన్న చిన్న గ్రీకు నగరాలు ఏథెన్సును నాయకురాలిగా పెట్టుకుని ఒక కూటమి కట్టాయి. ఉమ్మడి ధనాగారం డెలోస్ ద్వీపంలో ఉండేది. 454లో దానిని ఏథెన్సుకు తరలించారు. మిత్రుల చందా ఆనాటి నుంచి కప్పంగా మారిపోయింది. పెద్దరికం పెత్తనమైన తీరుకు ఇంతకన్న సూటి ఉదాహరణ అక్కరలేదు.

ఉద్యోగరీత్యా నాకు ఒక అలవాటు అబ్బింది. ఏ ఒప్పంద పత్రం చేతికొచ్చినా, ఇద్దరిలో బలవంతుడెవరో చూసి, ఆ బలవంతుడు తనకు తాను ఏ హద్దు గీసుకున్నాడో వెతుకుతాను. బలహీనుడి బాధ్యతలు అన్ని పత్రాల్లోనూ బారులు తీరి ఉంటాయి. బలవంతుడి మీద ఒక్క కట్టడి కూడా లేకపోతే దానికి స్నేహపత్రమని పేరు పెట్టినా అది తాఖీదే. ఈ సాయంత్రం ఆ ఒక్క కొలబద్దతోనే చరిత్రను చూద్దాం.

ముందుగా బహమనీలు. ఈ ఊళ్లో పుట్టి పెరిగినవారిలో కూడా చాలామందికి తెలియని సంగతి ఒకటి ఉన్నది. బహమనీ రాజ్యపు మహామంత్రి మహమూద్ గవాన్‌కు 1481 ఏప్రిల్ 5న మరణదండన అమలైంది ఈ కొండపల్లిలోనే. ఆయన ఇరాన్‌లోని గీలాన్ ప్రాంతం నుంచి వర్తకుడిగా వచ్చి, బీదరులో స్థిరపడి, మంత్రి అయినవాడు. బీదరులో ఆయన కట్టించిన మదరసా శిథిలమైనా నేటికీ నిలిచి ఉన్నది. ఆయన కాలంలో బహమనీ రాజ్యం పడమట గోవా వరకు, తూర్పున మన తీరం వరకు విస్తరించి, దక్కనులో సాటిలేని రాజ్యంగా ఎదిగింది.

అంత పెద్ద రాజ్యాన్ని లోపల ఎలా నిలపాలో ఆలోచించిన మనిషి గవాన్. నాలుగు తరఫులుగా ఉన్న రాజ్యాన్ని ఎనిమిదిగా విభజించాడు. తెలంగాణ తరఫును వరంగల్లు, రాజమహేంద్రవరం అని రెండు చేశాడు. ప్రతి తరఫ్‌దారు చేతిలో ఒక్క కోటను మాత్రమే ఉంచి, మిగిలిన కోటలకు సుల్తానే అధికారులను నియమించే ఏర్పాటు చేశాడు. దక్కను స్థానికులైన దక్కనీలకు, ఇరాన్, మధ్య ఆసియాల నుంచి వచ్చిన ఆఫాకీలకు మధ్య పదవుల విషయంలో రగులుతున్న పోరును సమతూకంతో చల్లార్చాలని చూశాడు. తాను ఆఫాకీ అయినా దక్కనీలకు ఉన్నత పదవులు ఇచ్చాడు. అధికారం తగ్గినవాళ్లు ఊరుకోలేదు. తెలంగాణ తరఫుకు అధిపతి అయిన మలిక్ హసన్ వర్గం ఆయన మీద కక్ష కట్టింది.

చరిత్రకారులు చెప్పే కథనం ప్రకారం గవాన్ ముద్ర ఉండే సేవకుడికి తాగించి, ఖాళీ కాగితం మీద ముద్ర వేయించుకుని, ఆపైన ఒరిస్సా గజపతిని దండెత్తి రమ్మని ఆహ్వానిస్తున్నట్టు అందులో ఉత్తరం రాశారు. కచేరీల్లో పనిచేసినవాళ్లకు ఖాళీ కాగితం మీద ముద్ర ఎంత ప్రమాదమో విడమరచి చెప్పనక్కరలేదు. ముద్ర తనదే గాని రాత తనది కాదని డెబ్బై ఏళ్ల ఆ వృద్ధుడు చెప్పుకున్నాడు. సుల్తాను మూడవ మహమ్మద్ షా విచారణ జరపలేదు. రాతను పోల్చి చూడలేదు, సాక్షిని పిలవలేదు. దండన అప్పటికప్పుడు అమలైంది. నిజం తెలుసుకుని కుమిలిన సుల్తాను ఏడాది తిరగకుండానే, 1482లో మరణించాడు. 1490 మొదలుకొని బీజాపురం, అహ్మద్‌నగరం, బీరారు, తరువాత గోల్కొండ, బీదరు, ఒకటొకటిగా ఐదు రాజ్యాలు విడివడ్డాయి. అహ్మద్‌నగరాన్ని స్థాపించినవాడు మలిక్ హసన్ కుమారుడే.

దక్కనులోకెల్లా బలమైన రాజ్యం శత్రువు దండయాత్ర వల్ల కూలలేదు. లోపలి వర్గాల మధ్య న్యాయం తప్పి, నేరం మోపబడిన మనిషికి విచారణ కూడా దక్కని చోట దాని పతనం మొదలైంది. పొరుగువాడితో కుమ్మక్కయ్యాడన్న ఒక్క ఆరోపణ అతని ప్రాణం తీయడానికి చాలింది. ఈ ఆరోపణ ఎక్కడో విన్నట్టున్నదని మీలో కొందరికి అనిపిస్తే ఆ తప్పు నాది కాదు.

గవాన్ తరువాత మన కోట మళ్లీ గజపతుల వశమైంది. శ్రీకృష్ణదేవరాయలు తూర్పు దిగ్విజయంలో 1515లో కొండవీడును, ఆ వెంటనే కొండపల్లిని గెలిచి ఉత్తరంగా సింహాచలం దాటి వెళ్లాడు. యుద్ధాలన్నీ గెలిచినవాడు సంధిలో ఏమి చేశాడో చూడండి. ప్రతాపరుద్ర గజపతి కుమార్తెను వివాహమాడి, కృష్ణానదికి ఉత్తరాన ఉన్న భూభాగాన్ని తిరిగి ఇచ్చివేశాడు. అందులో మన కొండపల్లి కూడా ఉన్నది. నదిని హద్దుగా ఉంచుకుని, గెలిచిన కోటను వదులుకున్న ఈ నిగ్రహాన్ని దిగ్విజయం కన్న గొప్పదిగా నేను భావిస్తాను. రాయలవారి మీద నాటకాలు, సినిమాలు ఎన్నో వచ్చాయి గాని ఈ అప్పగింతను అంకంగా చేసుకున్న నాటకం నా కంటపడలేదు.

ఇక్కడ మనకు అత్యంత సన్నిహితమైన ఘట్టానికి వస్తున్నాను. రాయల అల్లుడు రామరాయలు 1542 నుంచి విజయనగరపు నిజమైన ఏలిక. ఆయన చరిత్రను మతం అనే ఒక్క కిటికీలోంచి చూడటం మనకు అలవాటైపోయింది. గోల్కొండలో 1543లో సుల్తాన్ కులీ హత్యకు గురైనప్పుడు ఆయన కుమారుడు ఇబ్రహీం ప్రాణభయంతో పారిపోయి ఆశ్రయం పొందినది రామరాయల కొలువులోనే. ఏడేళ్లు అక్కడ అతిథిగా ఉండి 1550లో వచ్చి గోల్కొండ సింహాసనం ఎక్కాడు. తెలుగు కవులు మల్కిభరాముడని ప్రేమగా పిలుచుకున్న ఇబ్రహీం కుతుబ్‌షా ఆయనే. అద్దంకి గంగాధర కవి తపతీ సంవరణోపాఖ్యానాన్ని ఆయనకే అంకితమిచ్చాడు. బీజాపురపు అలీ ఆదిల్‌షా కూడా రామరాయలతో చెలిమి చేసి, ఆయన కుటుంబంలో కొడుకులా మెలిగాడని ఫెరిష్తా రాశాడు. అంటే ఒక దశలో రామరాయలది పెద్దరికమే. కష్టంలో ఉన్నవాడు వెళ్లి తలుపు తట్టే ఇల్లు ఆయనది.

ఆ తరువాత ఆ ఇంటి తీరు మారింది. ఈ సుల్తానును ఆ సుల్తాను మీదికి, ఆ సుల్తానును మరొకరి మీదికి ఉసిగొల్పుతూ, ప్రతి యుద్ధానంతరం ఒక్కొక్క కోటను తీసుకుంటూ పోయాడు. నిన్న తనతో కలిసి యుద్ధం చేసిన మిత్రుడి దగ్గర కూడా ప్రతిఫలం గుంజాడు. గోల్కొండ కోవిలకొండ, పానగల్లు, ఘనపురం కోటలను వదులుకోవలసి వచ్చింది. ఆశ్రయం పొందిన మనిషే చివరకు ఆశ్రయమిచ్చినవాడి మీద కత్తి దూశాడు. నాలుగు రాజ్యాల సుల్తానులు తమ పాత వైరాలను పక్కన పెట్టారు. అహ్మద్‌నగరపు చాంద్ బీబీని అలీ ఆదిల్‌షాకిచ్చి వివాహం జరిపి ఒక్కటయ్యారు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధం జరిగింది. రామరాయలు హతుడయ్యాడు. మహానగరం దోపిడికి గురై పాడుపడింది. ఆ విధ్వంసాన్ని సమర్థించే మాట నా నోట రాదు. ఒక నగరాన్ని అలా పాడుచేసినవారికి గెలుపు కీర్తిని తేలేదు.

అయితే దీనిని రెండు మతాల యుద్ధంగా పిల్లలకు నూరిపోసేవారు కొన్ని ప్రశ్నలకు సమాధానం చెప్పాలి. సుల్తానులు అంతకుముందు ఇరవై ఏళ్లు రామరాయలతో చేరి తమలో తాము ఎందుకు పోట్లాడుకున్నారు? రామరాయల సైన్యంలో వేలాదిగా ముస్లిం యోధులు ఎందుకున్నారు? ఐదవ సుల్తానైన బీరారు ఏలిక ఆ కూటమిలో ఎందుకు చేరలేదు? గెలిచిన కూటమి ఏళ్లు తిరగకుండానే మళ్లీ తమలో తామే ఎందుకు కలహించుకున్నది? ఒక ప్రాంతంలో హద్దు ఎరగని బలం పెరిగినప్పుడు పొరుగువారు ఏకం కావడం ఏ దేశంలోనైనా జరిగే పని. ఫెరిష్తా బీజాపురం కొలువులో ఉండి రాసినవాడు కనుక తన పక్షానికి అనుకూలంగా మతావేశాన్ని కూడా కలిపి రాశాడు. నాలుగు వందల ఏళ్ల తరువాత ఎదుటి పక్షంవారు ఆ మాటనే యథాతథంగా తీసుకోవడం ఒక వింత. దాని ఫలితంగా 1565కు సంజాయిషీ ఇవ్వవలసినవాడు ఈనాటి బడిలో మన పిల్లవాడయ్యాడు.

1687లో గోల్కొండను గెలిచిన ఔరంగజేబు సంగతి క్లుప్తంగా చెప్పి ముందుకు వెళతాను. దక్కనును మింగాడు గాని అరిగించుకోలేకపోయాడు. ఇక్కడే మరణించాడు. ఆయన తరువాత సామ్రాజ్యం ఎక్కువ కాలం కుదురుగా లేదు.

కంపెనీవారు మాత్రం మరో రకం. వారు కత్తి కన్న కాగితాన్ని ఎక్కువ నమ్ముకున్నారు. 1765లో మొగలు చక్రవర్తి షా ఆలం నుంచి ఉత్తర సర్కారులకు ఫర్మానా రాయించుకున్నారు. మరుసటి ఏడు జనరల్ కైలాడ్ సైన్యం మన కొండపల్లి కోటను పట్టుకున్నది. ఆ పిమ్మట 1766 నవంబరు 12న హైదరాబాదులో నిజాంతో సంధి కుదిరింది. కోటను ముందు పట్టుకుని, స్నేహపత్రం తరువాత రాసుకున్న వరుసను గమనించండి. అప్పట్లో కొండపల్లి సర్కారుకు ముస్తఫానగర్ అని కూడా పేరు. సర్కారులకు బదులుగా ఏటా తొమ్మిది లక్షల రూపాయలు చెల్లిస్తామని, అవసరమైతే సైన్యంతో సాయపడతామని కంపెనీ ఒప్పుకున్నది. అంటే కాగితం మీద కంపెనీయే నిజాముకు పేష్కష్ కట్టే కౌలుదారు! 1768లో ఆ మొత్తం తగ్గింది. 1823లో ఏకమొత్తం చెల్లించి ఆ హక్కును పూర్తిగా కొనేశారు.

ఈ మధ్యకాలంలో 1798, 1800 సంవత్సరాల సైన్య సహకార సంధులు వచ్చాయి. నిజాం రక్షణకు కంపెనీ సైన్యం, దాని ఖర్చుకు నిజాం భూములు. మనం దత్తమండలాలని పిలిచే జిల్లాలు అలాగే పోయాయి. ఇతర రాజ్యాలతో కంపెనీ అనుమతి లేకుండా ఉత్తర ప్రత్యుత్తరాలు కూడా జరపరాదన్నారు. 1853లో సైన్యం ఖర్చు బకాయిల కింద బీరారును స్వాధీనం చేసుకున్నారు. ఏడవ నిజాముకు 'యార్-ఎ-వఫాదార్' అంటే విశ్వాసపాత్రుడైన మిత్రుడని బిరుదిచ్చారు. ఆ మిత్రుడే బీరారును తిరిగి అడిగితే 1926లో వైస్రాయి లార్డ్ రీడింగ్ ఉత్తరం రాసి, బ్రిటిషు సార్వభౌమత్వానికి సమానంగా నిలబడి మాట్లాడే అధికారం ఏ సంస్థానాధీశుడికీ లేదని తేల్చేశాడు. మన ఊరి అంబారీ ఏనుగు బొమ్మ చూడటానికి ఎంతో ఠీవిగా ఉంటుంది. తెల్లపొణికి కర్ర కనుక పసిపిల్లవాడు కూడా ఒంటిచేత్తో ఎత్తుతాడు. సంస్థానాల సార్వభౌమత్వం ఆ మాదిరిది. నా కొలబద్ద ఇక్కడ పెడితే, 1766 పత్రంలో కంపెనీ మీద తొమ్మిది లక్షల భారమైనా ఉన్నది. 1800 నాటికి హద్దులన్నీ నిజాముకే మిగిలాయి.

మిత్రులారా, వలస పాలన పోయిన తరువాత దక్షిణాసియాలో విస్తీర్ణంలోను, జనాభాలోను, బలంలోను మన దేశమే పెద్దది. ఇందులో సిగ్గుపడవలసిందీ లేదు, విర్రవీగవలసిందీ లేదు. అంతర్జాతీయ శాంతిని, దేశాల మధ్య న్యాయమైన, గౌరవప్రదమైన సంబంధాలను పెంపొందించాలని మన రాజ్యాంగం 51వ అధికరణంలో ప్రభుత్వానికి నిర్దేశించింది. ఈ డెబ్బై ఎనభై ఏళ్లలో మనం పెద్దరికం చూపిన సందర్భాలున్నాయి, పెత్తనం చేశామని పొరుగువారు వాపోయిన సందర్భాలూ ఉన్నాయి.

1987లో శ్రీలంకతో ఒప్పందం చేసుకుని మన శాంతి పరిరక్షక దళాన్ని పంపాం. అక్కడ సింహళీయులకు మనం చొరబాటుదారులమయ్యాం. ఏ తమిళుల రక్షణకు వెళ్లామో వారి సాయుధ సంస్థతోనే యుద్ధం చేయవలసి వచ్చింది. దాదాపు 1,200 మంది మన జవాన్లు ప్రాణాలు కోల్పోయారు. 1990 మార్చిలో దళం వెనక్కి వచ్చింది. అదే ఏడాది అక్టోబరులో ఎల్.టి.టి.ఇ. ఉత్తర రాష్ట్రంలోని ముస్లింలను కట్టుబట్టలతో వెళ్లగొట్టింది. తాము మైనారిటీగా బాధలు పడినవారే తమకన్న చిన్న మైనారిటీని ఇళ్లు ఖాళీ చేయించిన ఆ ఘటన గురించి మన పత్రికల్లో రావలసినంతగా రాలేదు.

దీనికి భిన్నమైన ఉదాహరణ గంగా జలాలది. 1975లో మనం ఫరక్కా బ్యారేజీని నడిపించడం మొదలుపెట్టిన నాటి నుంచి దిగువన ఉన్న బంగ్లాదేశ్ గోడు పెట్టింది. దిగువన ఉన్నవాడి గోడు కృష్ణా డెల్టా రైతుకు ఎవరూ వివరించనక్కరలేదు. బచావత్ ట్రిబ్యునల్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌కు 800 టి.ఎం.సి.లు కేటాయించినా, ఎగువ ఆలమట్టి నిండితే గాని ప్రకాశం బ్యారేజీ కింద నారుమళ్లు తడవవని మనం ఏటా ఆకాశం వైపు, కర్ణాటక వైపు చూసేవాళ్లమే. 1996 డిసెంబరు 12న భారత్, బంగ్లాదేశ్ ముప్పై ఏళ్ల ఒప్పందం చేసుకున్నాయి. జనవరి నుంచి మే వరకు ఎండాకాలపు ప్రవాహం 70,000 క్యూసెక్కులు లేదా అంతకు తక్కువ ఉంటే చెరిసగం. ఎగువన ఉన్న పెద్ద దేశం చిన్న దేశంతో చెరిసగం అన్నది! అప్పటి విదేశాంగ మంత్రి ఇందర్ కుమార్ గుజ్రాల్ నేపాల్, బంగ్లాదేశ్, భూటాన్, మాల్దీవులు, శ్రీలంకల నుంచి ఇచ్చిపుచ్చుకోవడం ఆశించకుండా, చేతనైనది చేయాలన్న విధానాన్ని ప్రకటించాడు. మెతకతనమని వెక్కిరించినవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. పెద్దన్న వాటాలు వేస్తే చిన్నవాడు కోరుకునే ఇంటి న్యాయానికి దగ్గరగా వచ్చిన విదేశాంగ విధానం నాకు తెలిసినంతలో అదొక్కటే.

ఈ విషయాలన్నీ ఒక మైనారిటీ హక్కుల వేదిక మీద ఎందుకు చెబుతున్నానో ఇప్పుడు చెప్పాలి. 1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదును కూల్చారు. వెంటనే బంగ్లాదేశ్‌లోను, పాకిస్తాన్‌లోను దేవాలయాల మీద దాడులు జరిగాయి. ఆ పూజారులు అయోధ్యను ఎన్నడూ చూసి ఉండరు. ఇటు అక్కడ ఒక గుడి మీద దాడి జరిగినా, సరిహద్దులో కాల్పులు జరిగినా, విజయవాడ దాటి ఎరగని మన సాయిబు తన దేశభక్తికి రుజువు చూపాలి. ఈ ఉపఖండంలో ఒక దేశపు మైనారిటీ మరో దేశపు మెజారిటీ ప్రవర్తనకు జామీనుగా బతుకుతున్నది. ఇరుగు పొరుగు ప్రభుత్వాల మధ్య పెత్తనం పోరు ముదిరిన ప్రతిసారీ ముందుగా జప్తు అయ్యేది ఈ జామీనే.

ఈ సంగతిని 1950లోనే గుర్తించి రాసిన పత్రం ఒకటి ఉన్నది. ఆ ఏడాది ఏప్రిల్ 8న ఢిల్లీలో నెహ్రూ, లియాఖత్ అలీ ఖాన్ సంతకాలు చేసిన ఒప్పందం. తూర్పు, పశ్చిమ బెంగాలుల్లో మారణకాండ జరిగి లక్షలాది జనం ఇటూ అటూ వలసపోతున్న రోజులవి. మతంతో నిమిత్తం లేకుండా మైనారిటీలకు సంపూర్ణ సమాన పౌరసత్వం, ప్రాణానికి, ఆస్తికి, సంస్కృతికి రక్షణ, వాక్ స్వాతంత్ర్యం, ఆరాధనా స్వేచ్ఛ ఇస్తామని రెండు ప్రభుత్వాలూ ప్రకటించాయి. తూర్పు బెంగాల్, పశ్చిమ బెంగాల్, అస్సాంలలో మైనారిటీ కమిషన్లు వేయాలన్నారు. బలంలో పెద్దదైన భారతదేశం, చిన్నదైన పాకిస్తాన్ మీద ఏ కట్టడి పెట్టిందో ఆ కట్టడినే తన మీద కూడా పెట్టుకున్నది. శ్యామాప్రసాద్ ముఖర్జీ, కె.సి. నియోగి దీనికి నిరసనగా కేంద్ర మంత్రివర్గం నుంచి తప్పుకున్నారు. అయినా నెహ్రూ వెనక్కి తగ్గలేదు. ఒప్పందం అమలులో, ముఖ్యంగా తూర్పు బెంగాల్‌లో, ఎన్నో లోపాలు జరిగాయి. అక్కడి హిందువులకు ఇచ్చిన మాట నిలబడలేదని మనం నిస్సంకోచంగా చెప్పాలి. ఇక్కడ మన హక్కుల గురించి మాట్లాడే ప్రతి నోరూ అక్కడి హిందువుల గురించి కూడా మాట్లాడాలి. లేకపోతే మన మాటకు తూకం ఉండదు.

ఆ పత్రంలో మరో అంశం ఉన్నది. మైనారిటీల విధేయత వారు ఏ దేశ పౌరులో ఆ దేశానికే, తమ కష్టాలకు పరిష్కారం కోరవలసినది ఆ ప్రభుత్వాన్నే అని స్పష్టంగా రాశారు. కనుక పొరుగు దేశం తరఫున మనల్ని సంజాయిషీ అడిగే హక్కు ఎవరికీ లేదు. మన తరఫున మాట్లాడే వకాల్తా ఏ పొరుగు దేశానికీ మనం ఇవ్వలేదు. మన అర్జీ ఢిల్లీకి, అమరావతికి, మన కలెక్టరాఫీసుకు.

గంగా జలాల ఒప్పందం గడువు 2026 డిసెంబరుతో ముగుస్తుంది. ఆ బల్ల దగ్గర మన దేశం ఎలా కూర్చుంటుందో ఉపఖండమంతా గమనిస్తుంది. దానితోపాటు మన స్థాయిలో చేయదగిన పని ఒకటి ఉన్నది. కోట చూడటానికి బడిపిల్లలను తీసుకువెళ్లే ఉపాధ్యాయులు మహమూద్ గవాన్ కథను, కృష్ణరాయలు ఈ కోటను తిరిగి ఇచ్చిన సంగతిని అక్కడే, ఆ కోట గోడల దగ్గరే నిలబడి చెప్పమని నా మనవి. కొండ మీది దర్గాకు వచ్చే భక్తుల్లో అన్ని మతాలవారూ ఉంటారు. వారికీ చెప్పవచ్చు.

1950 నాటి ఒప్పందంలోని ముఖ్యమైన అంశాలను నాకు చేతనైన తెలుగులో రాసి జెరాక్స్ తీయించాను. గుమ్మం పక్క బల్ల మీద యాభై ప్రతులున్నాయి. ఇంటికొకటి చొప్పున తీసుకువెళ్లండి. చాలకపోతే పేరు రాసి ఇవ్వండి, వచ్చే శుక్రవారం జుమా నమాజు తరువాత మరికొన్ని తెస్తాను.